ఆఫీసు విందుకు ఐరిష్ వంటలు: ఓవెన్ లేని ఇంట్లో ఏం చేయవచ్చు?

రింగురోడ్డు_వాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. బెంగళూరులో అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మా విభాగంలో సగం మంది ఐర్లాండు రాజధాని డబ్లిన్‌లో ఉంటారు కనుక, మార్చి 17న వచ్చే ఆ దేశపు జాతీయ పండుగ సెయింట్ పాట్రిక్ దినాన్ని ఈసారి ఇక్కడ కూడా జరపాలని నిర్ణయించారు. ఎవరికి వారు ఇంటి నుంచి ఒక వంటకం తెచ్చి, అందరూ కలిసి తినే పాట్‌లక్ భోజనం అది. తెచ్చే వంటకానికి ఐర్లాండుతో ఏదో ఒక సంబంధం ఉండాలన్నది ఒక్కటే నియమం. దాదాపు నలభై మందిమి ఉంటాము. డబ్లిన్ నుంచి ఆ వారం వస్తున్న ఇద్దరు సహోద్యోగులు కూడా మాతో భోజనం చేస్తారు.

ఇప్పటివరకు పేర్లు ఇచ్చినవారి పట్టికలో ఆకుపచ్చ జెల్లీ, ఆకుపచ్చ రంగు కలిపిన కప్‌కేకులు, పాలకూర ఇడ్లీ, పుదీనా రైస్ కనిపించాయి. ఐర్లాండుకు గుర్తైన ఆకుపచ్చ రంగు కుదిరినంత మాత్రాన అది ఐరిష్ వంటకం అయిపోతుందా అన్న అనుమానం నాకు కలిగింది. ఇంటర్నెట్‌లో వెదికితే ఎక్కడ చూసినా కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరవేసిన గొడ్డుమాంసం), క్యాబేజీయే వస్తున్నాయి. మా భోజనాల బల్ల మీద అది పెట్టే ప్రసక్తే లేదు.

నా పరిస్థితి ఇది. మా ఇంట్లో ఓవెన్ లేదు. గ్యాస్ పొయ్యి, కుక్కరు, దోసెల పెనం ఉన్నాయి. మేము శాకాహారులం, గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. ఉదయం ఎనిమిదికే బయలుదేరితే తప్ప ట్రాఫిక్ దాటి ఆఫీసుకు చేరలేను, భోజనం చూస్తే ఒంటిగంటకు. ప్యాంట్రీలో ఉన్న ఒక్క మైక్రోవేవ్ దగ్గర ఆ రోజు ఎంత వరుస ఉంటుందో మీరే ఊహించుకోండి. సహోద్యోగులలో ఇద్దరు జైనులు, గుడ్డు తిననివారు చాలామంది, హలాల్ చూసుకునేవారు కొందరు ఉన్నారు. ఈ కట్టుబాట్లన్నిటికీ లోబడుతూనే, ఐర్లాండు వాళ్ళు చూసి ఇది మా ఇంటి వంటే అనుకోగలిగిన వంటకం ఏదైనా ఉందా? మసాలా వేయకపోతే మనవాళ్ళు ముట్టరేమో అన్న భయం ఒకవైపు, వేస్తే అది ఐరిష్ వంటకం కాకుండా పోతుందేమో అన్న శంక మరొకవైపు ఉన్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కార్క్_నుంచి_తిరిగొచ్చాను ఇచ్చిన జవాబు

నమస్కారమండీ. చదువు కోసం వెళ్ళి కొన్నేళ్ళు ఐర్లాండులోని కార్క్ నగరంలో ఉండి వచ్చాను కనుక, తెలిసినంతవరకు చెబుతాను.

మీ అనుమానం సరైనదే. ఆకుపచ్చ రంగు వేసిన తిండి ఐర్లాండు ఇళ్ళలో వండుకునే పండుగ వంట కాదు; అది చాలావరకు అమెరికాలో స్థిరపడిన ఐరిష్ సంతతివారి సంబరాల నుంచి వచ్చింది. షికాగోలో ఏకంగా నదికే ఆకుపచ్చ రంగు కలిపే ఆనవాయితీ 1962లో మొదలైంది. కార్న్‌డ్ బీఫ్ సంగతి కూడా అటువంటిదే. ఐర్లాండులో క్యాబేజీతో కలిపి వండుకునేది పంది మాంసపు బేకన్. న్యూయార్క్ చేరిన వలసదారులకు అక్కడి యూదుల మాంసం దుకాణాలలో ఉప్పులో ఊరవేసిన గొడ్డుమాంసం అందుబాటు ధరకు దొరకడంతో వారు దానికి అలవాటు పడ్డారు. ఆ రెండూ లేనందువల్ల మీ విందుకు లోటేమీ రాదు.

అసలు ఐరిష్ వంటకు పునాది పాడి. బంగాళదుంప ఆ దేశానికి చేరింది 16వ శతాబ్దం చివరలో మాత్రమే. అంతకుముందు శతాబ్దాల తరబడి అక్కడి సామాన్యుల తిండి పాలు, తోడుకున్న పాలు, మజ్జిగ, వెన్న, చీజ్, వాటికి తోడు ఓట్స్ జావ, ఓట్స్ రొట్టె; పశువుల మందను మాంసం కోసం కంటే పాల కోసమే ఎక్కువగా చూసుకునేవారు. నేను ఉన్న కార్క్ నుంచి 18వ, 19వ శతాబ్దాలలో ఉప్పు కలిపిన వెన్న పీపాలకొద్దీ ఓడలెక్కి అట్లాంటిక్ అవతలి దీవులకు కూడా వెళ్ళేది. దుంప వచ్చి స్థిరపడిన తరువాత కూడా పేదవాడి పూట గడిచింది ఉడికించిన దుంపలతో, పక్కన పెట్టుకున్న మజ్జిగతో. కాబట్టి మీ ఇంటి కట్టుబాట్ల కోసం అక్కడి వంటను మార్చనక్కరలేదు, అందులోంచి ఏదీ తీసివేయనక్కరలేదు. మజ్జిగ, వెన్న, దుంప, గోధుమ, ఓట్స్ ఉన్న వైపుకు వెళితే చాలు.

నా మొదటి సలహా కోల్కానన్. మెత్తగా మెదిపిన బంగాళదుంపలలో ఉడికించిన కేల్ ఆకు గానీ క్యాబేజీ గానీ, సన్నగా తరిగిన ఉల్లికాడలు, వేడి పాలు, చాలినంత వెన్న, ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి కలిపితే అదే కోల్కానన్. అక్టోబరు చివర హాలోవీన్ నాడు అందులో ఉంగరమో నాణెమో దాచి వడ్డించే ఆచారం ఉంది కానీ, మిగతా రోజుల్లో కూడా అందరూ తింటారు. క్యాబేజీ లేకుండా ఉల్లికాడలు, పాలతోనే చేస్తే దానిని చాంప్ అంటారు. అది ఉత్తర ప్రాంతంలో ఎక్కువ.

చేసే విధానంలో పట్టించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కొత్తగా తవ్విన, పలుచని తోలు ఉన్న దుంపలు జిగటగా ఉంటాయి కనుక, ఉడికితే పిండిలా విచ్చుకునే రకం ఎంచుకోండి. తోలుతోనే ఉడికించి, వేడిగా ఉండగానే ఒలిచి, పప్పుగుత్తితో మెదపండి. పని తొందరగా అవుతుందని మిక్సీలో మాత్రం వేయకండి. మిక్సీ బ్లేడు తాకిడికి దుంపలోని పిండిపదార్థం అంతా బయటికి వచ్చి మొత్తం బంకలా సాగుతుంది, దానిని తిరిగి బాగుచేసే ఉపాయం లేదు. పాలు పొంగే వేడిలో ఉండాలి, చల్లని పాలు పోస్తే ముద్ద బిగుస్తుంది. మిగతా వంటకాలు కూడా ఉంటాయి కనుక నలభై మందికి మూడు, మూడున్నర కిలోల దుంపలు, కిలో క్యాబేజీ, పావుకిలో వెన్న సరిపోతాయి. కేల్ కోసం పెద్ద సూపర్‌మార్కెట్ల చుట్టూ తిరగకపోయినా ఫరవాలేదు, క్యాబేజీ పైపొరల ముదురాకు అంతకంటే బాగుంటుంది. వేడినీటితో ఒకసారి కడిగి వేడెక్కించిన హాట్‌ప్యాక్‌లో గట్టిగా నింపి తీసుకువెళ్ళండి. మార్చిలో బెంగళూరు ఎండ సంగతి తెలిసిందే కదా. పాలు కలిసిన దుంప ముద్ద గోరువెచ్చగా గంటల తరబడి ఉండకూడదు, ఒంటిగంటకు అది పొగలు కక్కుతూ ఉండాలి, లేకపోతే మైక్రోవేవ్‌లో బాగా వేడి చేసిన తరువాతే పెట్టాలి.

మరొక మాట. దుంపల వంటకం పక్కన పెట్టే చీటీ మీద బంగాళదుంపల గురించి హాస్యం రాయాలని ఎవరైనా సరదా పడితే వద్దని చెప్పండి. 1845లో దుంప పంటకు తెగులు సోకి మొదలైన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షలకు పైగా దేశం విడిచి వెళ్ళారు. అప్పటికి ఆ దేశ జనాభా ఎనభై లక్షలకు కాస్త ఎక్కువ. ఆ కరువు రోజులలో కూడా ధాన్యం, వెన్న ఓడలలో బయటికి తరలిపోతూనే ఉన్నాయి. వచ్చే అతిథులు పైకి ఏమీ అనకపోవచ్చు, కానీ ఆ విషయం వారికి హాస్యం కాదు.

ఆ ఆకుపచ్చ జెల్లీ తెచ్చేవారికి కూడా ఒక మాట చేరవేయండి. బజారులో దొరికే జెల్లీ పొడులలో చాలావాటిలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది కనుక, అటు శాకాహారులకూ ఇటు హలాల్ చూసుకునేవారికీ ఇబ్బందే. ఐర్లాండు పడమటి తీరంలో రాళ్ళ మీద పెరిగే కారగీన్ అనే సముద్రపు నాచును పాలలో మరిగించి, వడకట్టి, చక్కెర వేసి గడ్డకట్టించే పుడ్డింగ్ అక్కడ పాతకాలం నుంచి ఉంది. ఆ నాచు ఇక్కడ దొరకకపోయినా, దాని స్థానంలో మన కిరాణా కొట్లలో దొరికే చైనా గ్రాస్ వాడితే ఆ తరహా పాల జెల్లీ చేసుకోవచ్చు. చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచి తీసేదే.

పెనం_రొట్టెలు ఇచ్చిన జవాబు

పైన చెప్పిన పాడి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ నా ఓటు కోల్కానన్‌కు కాదు, సోడా రొట్టెకు. నేను జయనగర్‌లో ఉంటాను. ఇంట్లో ఓవెన్ ఉన్నా ఈ రొట్టెను పెనం మీదే చేస్తాను, ఎందుకంటే ఉత్తర ఐర్లాండులో ఇది పెనం మీద కాల్చుకునే రొట్టే. ఓవెన్‌లో కాల్చే గుండ్రటి రకానికి పైన శిలువ ఆకారంలో గాటు పెడతారు; పెనం రకాన్ని చపాతీ కంటే బాగా మందంగా తట్టి నాలుగు పలకలుగా కోస్తారు. ఆ పలకలను ఫార్ల్ అంటారు. మీకు ఓవెన్ లేకపోవడం ఇక్కడ లోపమే కాదు.

ఈ రొట్టెలో ఉండేవి నాలుగే: గోధుమ పిండి, వంట సోడా, ఉప్పు, మజ్జిగ. గుడ్డు లేదు, ఈస్ట్ లేదు, చక్కెర లేదు. వంట సోడా ఐర్లాండు ఇళ్ళలోకి 1830ల, 1840ల ప్రాంతంలో వచ్చింది. ఆ తేమ వాతావరణంలో పండే గోధుమ మెత్తని రకం. ఈస్ట్ వేసి పొంగించడానికి కావలసిన సాగే గుణం దానికి తక్కువ. సోడాకు ఆ గుణంతో పని లేదు. మజ్జిగలోని పులుపు సోడాను తాకగానే వాయువు పుడుతుంది, దానితోనే రొట్టె పొంగుతుంది. దేశమంతటా ఇది వ్యాపించడానికి ముఖ్య కారణం అదే; ఓవెన్ లేని పేద ఇంట్లో కూడా నిప్పుల మీద పెనమో ఇనుప కుండో ఉంటే చాలేది.

కొలతలు: పావుకిలో పిండికి అర టీస్పూను వంట సోడా, అర టీస్పూను ఉప్పు, ఇంచుమించు రెండు వందల మిల్లీలీటర్ల మజ్జిగ. పిండిలో సగం మైదా, సగం గోధుమ పిండి తీసుకుంటే బాగుంటుంది. మన గోధుమ పిండి నీటిని ఎక్కువ పీల్చుకుంటుంది కనుక మజ్జిగ ఒకటి రెండు చెంచాలు ఎక్కువ పట్టవచ్చు. సోడాను తప్పనిసరిగా జల్లించండి, ఉండ మిగిలితే అక్కడ పసుపు మచ్చ పడి నోటికి సబ్బు రుచి తగులుతుంది. బేకింగ్ పౌడర్ వేరు, వంట సోడా వేరు. ఒకదాని కొలతలో రెండోది వేయకూడదు.

ఇక మజ్జిగ. బెంగళూరులో ఎక్కడైనా దొరికే నందిని మజ్జిగ ప్యాకెట్ సులువని అది కొనకండి, అందులో మిర్చి, అల్లం, ఉప్పు ఉంటాయి. ఇంట్లో పెరుగు చిలికి వెన్న తీసిన తరువాత మిగిలే పుల్లని మజ్జిగ దొరికితే అంతకంటే కావలసింది లేదు, ఎందుకంటే ఐర్లాండులో వాడింది కూడా వెన్న తీయగా మిగిలినదే. అది లేకపోతే పుల్లబడిన పెరుగు మూడు పాళ్ళకు నీళ్ళు ఒక పాలు కలిపి కవ్వంతో చిలకండి. మనం అన్నంలో పోసుకునేంత పలుచగా ఉంటే పిండి జారిపోతుంది, పులుపు కూడా చాలదు.

పిండి మధ్యలో గుంట చేసి మజ్జిగ ఒక్కసారిగా పోసి, చేతివేళ్ళు విడదీసి గుండ్రంగా తిప్పుతూ కలపండి. చపాతీ పిండిలా మర్దించకూడదు, నానబెట్టకూడదు. తడి తగిలిన క్షణం నుంచి సోడా పని మొదలవుతుంది కనుక వెంటనే పెనం ఎక్కాలి. అర అంగుళానికి కాస్త మించిన మందంలో తట్టి నాలుగు ముక్కలుగా కోసి, మందపాటి ఇనుప పెనం మీద నూనె లేకుండా పొడిపిండి చల్లి, సన్నని సెగ మీద ఒక్కొక్క వైపు ఎనిమిది నుంచి పది నిమిషాలు కాల్చండి. చివరలో ముక్కలను అంచుల మీద నిలబెట్టి ఆ అంచులు కూడా ఆరేలా తిప్పాలి; చాలామంది ఈ పని వదిలేస్తారు, అప్పుడు మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి పెడితే మధ్యాహ్నానికి మెత్తగానే ఉంటుంది, వేడి చేయవలసిన అవసరం లేదు. మరునాటికి మాత్రం గట్టిపడుతుంది.

నలభై మందికి కిలో పావు పిండి తీసుకుంటే ఇరవై పలకలు వస్తాయి, ఒక్కొక్కటి రెండుగా కోస్తే మనిషికి ఒక ముక్క. పిండి మొత్తం ఒకేసారి కలపకండి, ఒక వాయి పెనం మీద ఉండగా రెండో వాయి కలుపుకోండి. వెన్న మాత్రం పీనాసితనం లేకుండా పూయాలి. ఇంట్లో తీసిన వెన్నలో కాస్త ఉప్పు కలిపితే చాలు.

బీటీఎం_భోజనప్రియుడు ఇచ్చిన జవాబు

పెద్దలిద్దరూ చెప్పినవి బాగున్నాయి కానీ, ఆఫీసు విందులలో మెదిపిన దుంప గిన్నె సగానికి పైగా మిగిలిపోవడం నేను చూశాను. పక్కన బిర్యానీ ఉంటే కోల్కానన్ వైపు ఎవరు చూస్తారు? ఐరిష్ తిండి అంటే నూరేళ్ళ కిందటిదే కానక్కరలేదు. నేటి డబ్లిన్ యువత శుక్రవారం రాత్రి తినేది స్పైస్ బ్యాగ్. 2010 ప్రాంతంలో అక్కడి చైనీస్ టేక్‌అవే దుకాణాలలో పుట్టిన వంటకం. వేయించిన దుంప చిప్స్, కరకరలాడే చికెన్ ముక్కలు, క్యాప్సికమ్, ఉల్లిపాయ, మిరపకాయలు, మసాలా పొడి అన్నీ కాగితపు సంచిలో వేసి కుదిపి ఇస్తారు. చికెన్ బదులు పనీర్ గానీ బేబీ కార్న్ గానీ వేస్తే శాకాహారమే. మనవాళ్ళకు కారం దొరుకుతుంది, ఆ అతిథులు కూడా దీనిని ఇక్కడ చూసి ఆశ్చర్యపోతారు.

మాంసాహారం తెచ్చేవారు ఎవరైనా ఉంటే ఐరిష్ స్ట్యూ చేయమనండి. మటన్, దుంపలు, ఉల్లిపాయలు, నీళ్ళు, ఉప్పు, మిరియాలు, ఆకుల్లో థైమ్, పార్స్‌లీ. క్యారెట్ వేయాలా వద్దా అన్న దాని మీద ఆ దేశంలో తగవులే ఉన్నాయి. అక్కడ గొర్రె మాంసం, మనకు ఎక్కువగా దొరికేది మేక మాంసం, అయినా పెద్ద తేడా రాదు. హలాల్ దుకాణం నుంచి తెస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దానిలో గరం మసాలా వేసిన మరుక్షణం అది మన మటన్ కూర అయిపోతుంది కనుక, వేయకుండా నిగ్రహించుకోవాలి.

కార్క్_నుంచి_తిరిగొచ్చాను

స్పైస్ బ్యాగ్ మంచి ఆలోచనే, నాకు తోచనందుకు కాస్త అసూయగా కూడా ఉంది. అయితే ఉదయం ఏడింటికి వేయించిన చిప్స్ ఒంటిగంటకు మెత్తబడి వేలాడతాయి. ప్యాంట్రీలో ఎయిర్ ఫ్రయర్ ఉంటే తప్ప అది ఆఫీసు విందుకు నిలవదు. మసాలా గురించి నా అభిప్రాయం ఏమిటంటే, వంటకంలో కలపకుండా పక్కన పెట్టండి. మిరియాల పొడి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి, చిన్న గిన్నెలో ఆవకాయ ఉంటే కావలసినవారు వేసుకుంటారు. సోడా రొట్టె మీద వెన్న, ఆవకాయ కలిసి ఎలా ఉంటాయో నేను ఇక్కడ వర్ణించబోను, కానీ కార్క్‌లో నా గదికి వచ్చిన ఐరిష్ మిత్రులు ఆ సీసా వదిలిపెట్టేవారు కాదు.

రింగురోడ్డు_వాసి

అందరికీ కృతజ్ఞతలు. సోడా రొట్టె చేయాలని నిశ్చయించుకున్నాను. కోల్కానన్‌ను ఓవెన్, గీజర్ ఏదీ లేని పీజీలో ఉంటూ కుక్కరు మాత్రమే ఉన్న మరో సహోద్యోగికి అప్పగించాను. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. జైన సహోద్యోగులకు ఈ రొట్టె నిరభ్యంతరమేనా? ఆ రోజు రంజాన్ ఉపవాసంలో ఉండేవారి విషయంలో ఏం చేయడం మర్యాద? కేకు తెచ్చే ఒకరు ఐరిష్ కాఫీ రుచితో చేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా? పిండిని ముందు రాత్రే కలిపి పెట్టుకోవచ్చేమో కూడా పెనం_రొట్టెలు గారు చెప్పాలి.

కార్క్_నుంచి_తిరిగొచ్చాను

రొట్టెలో దుంప, ఉల్లి, గుడ్డు ఏవీ లేవు కనుక జైనులకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. పైన పూసుకోవడానికి తేనె పెట్టాలనుకుంటే అది వేరే గిన్నెలో ఉండాలి, జైనులలో చాలామంది తేనె ముట్టరు. ఆవకాయలో వెల్లుల్లి ఉందో లేదో కూడా చీటీ మీద రాయండి. పెరుగు విషయంలో కొందరికి వేళల నియమం ఉంటుంది, అందుచేత ఆ ఇద్దరినీ ముందే అడగడం మంచిది.

ఉపవాసంలో ఉన్నవారిని బల్ల దగ్గరికి రమ్మని బలవంతం చేయకుండా, వారి వంతు రొట్టెను ముందే వేరుగా చుట్టి సాయంత్రం ఇంటికి తీసుకువెళ్ళేలా ఇవ్వండి. మీ రొట్టెకు వేడి చేసే పని లేదు కనుక ఇఫ్తార్ వేళకు కూడా బాగానే ఉంటుంది. ఈ పండుగ క్రైస్తవులకు కూడా ఈస్టర్ ముందరి ఉపవాస దినాల మధ్యలోనే వస్తుంది, ఆ ఒక్క రోజుకు నియమం సడలించుకోవడం ఐర్లాండులో ఆనవాయితీ.

అసలైన ఐరిష్ కాఫీలో విస్కీ ఉంటుంది. కేకులో దానిని గానీ, క్రీమ్ లిక్కర్‌ను గానీ వాడితే ఆఫీసుకు తగదు. మద్యం లేని సిరప్‌తో చేస్తే ఒప్పుకోండి, ఆ మాట చీటీ మీద స్పష్టంగా రాయించండి. నన్నడిగితే కాఫీ కంటే టీ పెట్టడమే సబబు. తలసరి టీ తాగడంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశాలలో ఐర్లాండు ఒకటి. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ పేరుతో అమ్మే చిక్కని టీలో ప్రధానంగా ఉండేది మన అస్సాం ఆకే. ప్యాంట్రీ యంత్రం ఇచ్చే తీపి నీళ్ళు కాకుండా, అస్సాం టీ గట్టిగా దించి, పాలు వేరుగా పెడితే ఆ ఇద్దరు అతిథులు మిగతావన్నీ మరిచిపోయినా దానిని మరిచిపోరు.

బల్ల మీద పెట్టే పరిచయ కార్డులో తెలుగు ముచ్చట ఒకటి రాయాలనుకుంటే, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. జాతీయగీతం బాణీకి 1919లో మదనపల్లెలో స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ ఐర్లాండులోని బాయిల్ పట్టణంలో పుట్టినవారు.

పెనం_రొట్టెలు

రాత్రే పిండి తడపకూడదండీ, పొద్దుటికి సోడా బలమంతా పోతుంది. పిండి, ఉప్పు, జల్లించిన సోడా కలిపి ఐదు డబ్బాలలో పావుకిలో చొప్పున రాత్రే సర్దుకోండి, పెరుగు బయటే ఉంచి పుల్లబడనివ్వండి. ఉదయం ఒక్కొక్క డబ్బాకు మజ్జిగ పోయడమే మిగులుతుంది. ఒక వాయికి ఇరవై నిమిషాలు పడుతుంది కనుక రెండు పెనాలు పెట్టుకుంటే ఆరున్నరకు మొదలుపెట్టినా ఎనిమిదిలోపు బయటపడతారు. వెన్న డబ్బాను భోజనం వేళ దాకా ఆఫీసు ఫ్రిజ్‌లోనే ఉంచకుండా పన్నెండుకే బల్ల మీదికి తీసి ఉంచండి, భోజనం వేళకు కత్తికి తేలిగ్గా వస్తుంది.